'ఫెయిర్' అనే ఒక్క మాటతో ఒక నిఘంటువును తూచి చూస్తే

కొత్త నిఘంటువు చేతికి వస్తే నేను ముందు వెతికేది నోరు తిరగని మాటను కాదు, అందరికీ తెలుసు అనిపించే చిన్న విశేషణాన్ని. నోరు తిరగని మాటకు మామూలుగా ఒకటో రెండో అర్థాలుంటాయి. వాటిని ఏ నిఘంటువైనా సరిగ్గానే ఇస్తుంది. కూర్చినవాళ్ల పనితనం తెలిసేది 'ఫెయిర్' లాంటి మాట దగ్గర. ధర ఫెయిర్, జుట్టు ఫెయిర్, వాతావరణం ఫెయిర్, ఆట ఫెయిర్, రోగి పరిస్థితి ఫెయిర్, పాత పుస్తకం ఫెయిర్. వీటిలో ఏ రెండింటికీ తెలుగులో ఒకే మాట సరిపోదు. 'న్యాయమైన' అని రాస్తే ధర దగ్గర నిలబడుతుంది, జుట్టు దగ్గర కూలిపోతుంది.

ఒప్పందాలు, వైద్య పత్రాలు, యంత్రాల వాడకం పుస్తకాలు ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చడం నా వృత్తి. నా బల్ల మీద ఎప్పుడూ ఉండే పుస్తకం కాలిన్స్ కోబిల్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ. ఇది దాని సమీక్ష. మొత్తం పుస్తకాన్ని కాక, 'ఫెయిర్' విశేషణాన్ని అది ఎలా పట్టుకుందో చూసి చెబుతున్నాను. ఒక్క మాట దగ్గర నిజాయితీగా పనిచేసిన నిఘంటువు మిగతా మాటల దగ్గరా అలాగే పనిచేస్తుందని నా నమ్మకం, ఇన్నేళ్ల వాడకంలో అది వమ్ము కాలేదు.

ఈ నిఘంటువు పుట్టుక కొంచెం తెలిస్తే దాని తీరు అర్థమవుతుంది. 1980లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ సింక్లెయిర్ నాయకత్వంలో, కాలిన్స్ ప్రచురణ సంస్థ డబ్బుతో ఈ పని మొదలైంది. అంతకుముందు నిఘంటుకారులు ఉదాహరణలను చాలా వరకు తామే కల్పించి రాసేవారు. సింక్లెయిర్ బృందం దానికి ఒప్పుకోలేదు. పుస్తకాల నుంచి, పత్రికల నుంచి, మనుషులు మాట్లాడుకున్న మాటల నుంచి వాక్యాలు పోగుచేసి కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ఆ భాండాగారం పెరిగి పెరిగి దాదాపు 2 కోట్ల పదాలకు చేరింది. ప్రతి మాటా ఏయే వాక్యాల్లో, ఏయే మాటల పక్కన కనిపిస్తుందో చూసి అర్థాలు విడదీశారు. మొదటి ముద్రణ 1987లో వచ్చింది. ఒక మాటను దాని సావాసాన్ని బట్టి తెలుసుకోవాలని 1957లోనే రాసిన భాషావేత్త జె. ఆర్. ఫర్త్ ఆలోచనకు ఈ నిఘంటువు ఆచరణ రూపం.

ఆ పద్ధతి ఫలితం 'ఫెయిర్' ఎంట్రీలో మొదటి వరసలోనే కనిపిస్తుంది. చాలా నిఘంటువులు అర్థానికి బదులు సమానార్థకాలు పేర్చి ఊరుకుంటాయి: న్యాయమైన, తగిన, లేత, పొడి, మోస్తరు. కోబిల్డ్ నిండు వాక్యం రాస్తుంది. వాతావరణం ఫెయిర్‌గా ఉందంటే ఎండ బాగానే ఉంది, వాన పడటం లేదని అర్థం అన్న తరహాలో ఉంటుంది ఆ వివరణ. 'వాతావరణం' అన్న మాట ఆ వాక్యంలోనే ఉంది చూడండి. అర్థంతో పాటే, అది ఏ నామవాచకం పక్కన పుడుతుందో కూడా చెప్పేసినట్టే. జుట్టుకు వేరే వాక్యం, చర్మానికి వేరే వాక్యం, అంచనాకు వేరే వాక్యం. 'ఫెయిర్ గెస్' అంటే న్యాయమైన ఊహ కాదని, నిజమయ్యే అవకాశం బాగా ఉన్న ఊహ అని చదివినవాళ్లకు మళ్లీ చెప్పనక్కర్లేదు.

నాకు అన్నిటికన్నా ఉపయోగపడింది స్థానం గురించిన గుర్తు. విశేషణం నామవాచకానికి ముందు మాత్రమే వస్తుందా, 'ఈజ్' తర్వాత కూడా రాగలదా అన్నది కోబిల్డ్ ప్రతి అర్థానికీ విడిగా చెబుతుంది. ఇది వ్యాకరణం మాస్టార్ల పట్టింపు అనుకోకండి. 'ఎ ఫెయిర్ అమౌంట్' అంటే 'బాగానే, చెప్పుకోదగినంత' అని. 'ద అమౌంట్ ఈజ్ ఫెయిర్' అంటే 'ఆ మొత్తం సమంజసం' అని. మాటలు అవే, చోటు మారింది, అర్థం పూర్తిగా మారింది. మొదటి అర్థం నామవాచకానికి ముందు తప్ప ఎక్కడా బతకదు. 'ఎ ఫెయిర్ డిస్టెన్స్' అంటే చాలా దూరమే. 'ఎ ఫెయిర్ నంబర్ ఆఫ్ పీపుల్' అంటే తగుమాత్రం కన్నా ఎక్కువ మందే. 'వాళ్లు ఫెయిర్ అమౌంట్ ఆఫ్ టైమ్ వెచ్చించారు' అన్న వాక్యం 'న్యాయమైన సమయం వెచ్చించారు' అని తెలుగులోకి వచ్చిన ప్రతులు నా దగ్గరికి దిద్దుబాటుకు వస్తూనే ఉంటాయి. చదివేవాళ్లకు అక్కడ లేని న్యాయం, అన్యాయం తలకెక్కుతాయి. 'చాలా సమయమే పెట్టారు' అంటే సరిపోయేది.

దీనికి చుట్టమే 'ఫెయిర్ షేర్'. ఆస్తి పంపకంలో అయితే అది న్యాయంగా రావాల్సిన వాటా. 'షి హాజ్ హ్యాడ్ హర్ ఫెయిర్ షేర్ ఆఫ్ ట్రబుల్' అన్నప్పుడు మాత్రం పంపకమూ లేదు, న్యాయమూ లేదు. ఆవిడ పడాల్సినదానికి మించే పడింది అని భావం. 'ఆవిడ కష్టాలు తక్కువేం పడలేదు' అన్నది నేను రాసుకునే తెలుగు.

ఇక 'ఓన్లీ ఫెయిర్'. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు కూడా ఇక్కడ ఒక్క క్షణం ఆగుతారు. 'హిజ్ ఫ్రెంచ్ ఈజ్ ఓన్లీ ఫెయిర్' అంటే అతని ఫ్రెంచి అంతంతమాత్రం. 'ఇట్ ఈజ్ ఓన్లీ ఫెయిర్ టు టెల్ హిమ్' అంటే అతనికి చెప్పడమే ధర్మం. మొదటిదానిలో 'ఓన్లీ' విలువను కిందికి లాగుతోంది. రెండోదానిలో అదే 'ఓన్లీ' న్యాయాన్ని నొక్కి చెబుతోంది. ఈ తేడాను వివరించడానికి నాకు తెలిసిన మార్గం రెండు నిజమైన వాక్యాలను పక్కపక్కన పెట్టడమే. ఉదాహరణ వాక్యాలకు ఇంత చోటిచ్చే నిఘంటువుకు నేను విలువిచ్చేది అందుకే.

ఏ అర్థం నడుస్తోందో తేలనప్పుడు వ్యతిరేక పదం అడిగి చూడండి. ఇది నిఘంటువు నేర్పింది కాదు, పనిలో అబ్బింది. న్యాయం అనే అర్థానికి మాత్రమే 'అన్‌ఫెయిర్' వ్యతిరేకం. 'అన్‌ఫెయిర్ హెయిర్' అని ఎవరూ అనరు, అక్కడ వ్యతిరేకం 'డార్క్'. 'అన్‌ఫెయిర్ వెదర్' కూడా లేదు. అక్కడ 'ఫౌల్'. గాలికీ అంతే: ఓడను ముందుకు తోసే అనుకూల గాలి 'ఫెయిర్ విండ్', ఎదురొచ్చేది 'ఫౌల్'. బేస్‌బాల్‌లో గీతల లోపల పడ్డ బంతి 'ఫెయిర్', బయట పడ్డది 'ఫౌల్'. దిద్దుబాట్లు లేకుండా తిరగరాసిన శుభ్రప్రతి 'ఫెయిర్ కాపీ' అయితే, కొట్టివేతలతో నిండిన నాటక రచయితల చిత్తుప్రతులను పరిశోధకులు 'ఫౌల్ పేపర్స్' అంటారు. 'బై ఫెయిర్ మీన్స్ ఆర్ ఫౌల్' అన్న నానుడిలో రెండూ కలిసే వస్తాయి.

ఇక్కడే ఈ నిఘంటువు మీద నా మొదటి ఫిర్యాదు. నేను వాడుతున్న ముద్రిత ప్రతిలో మాటల పుట్టుక లేదు. 'ఫెయిర్' ప్రాచీన ఇంగ్లీషులో 'అందమైన' అనే అర్థంతో మొదలైంది. అందమైనది మచ్చలేనిదైంది, మచ్చలేనిది శుభ్రమైనదైంది. మబ్బులేని ఆకాశమూ, కొట్టివేతలు లేని ప్రతీ, పక్షపాతం లేని తీర్పూ ఆ దారిలోనే వచ్చాయి. ఈ ఒక్క సంగతి తెలిస్తే చెల్లాచెదురుగా కనిపించే అర్థాలన్నీ ఒక కుటుంబంగా కూడుతాయి, 'ఫౌల్' ఇన్నిచోట్ల ఎందుకు ఎదురు నిలుస్తుందో కూడా తెలుస్తుంది. సంత అనే అర్థం ఉన్న నామవాచకం 'ఫెయిర్'కి ఈ కుటుంబంతో సంబంధం లేదు. అది సెలవు రోజును, పండుగను చెప్పే లాటిన్ 'ఫెరియా' నుంచి వచ్చింది. రాతలో ఒకేలా కనిపించడం కాకతాళీయం. నేర్చుకునేవాళ్లకు పుట్టుక అనవసరమని కూర్చినవాళ్లు అనుకుని ఉంటారు. నేను ఒప్పుకోను. పెద్దయ్యాక భాష నేర్చుకునేవాళ్లకు గుర్తు నిలవాలంటే ఇలాంటి దారం ఒకటి చేతిలో ఉండాలి.

రెండో ఫిర్యాదు ఇంకా పెద్దది. ఇది నా ఇంట్లో జరిగింది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. అమెరికాలో మా మరిదికి కారు ప్రమాదం జరిగింది. ఆసుపత్రిలో చేర్చారు. చెల్లెలు అప్పటికి ఇంకా దారిలోనే ఉంది. ఫోన్‌లో గొంతు వణుకుతోంది.

"అక్కా, ఆసుపత్రివాళ్లు కండిషన్ ఫెయిర్ అని చెప్పారట. ఫెయిర్ అంటే అంతంతమాత్రం అనే కదా? దాస్తున్నారేమోనే!"

"కాదమ్మా, నువ్వు అనుకునే ఫెయిర్ కాదది. అక్కడ ఆ మాటకు లెక్క ఉంది. గుడ్ తర్వాత మెట్టు ఫెయిర్. దాని కింద సీరియస్, ఇంకా కింద క్రిటికల్. నాడి, రక్తపోటు అన్నీ మామూలుగానే ఉన్నాయని అర్థం. తెలివిలోనే ఉంటాడు. నొప్పులుంటాయి, అంతే."

"నిజంగానా?"

"నిజం. వెళ్లి చూడు, మాట్లాడతాడు."

నేను ఓదార్పుకు అన్న మాటలు కావవి. అమెరికన్ హాస్పిటల్ అసోసియేషన్ రోగి స్థితిని చెప్పడానికి సూచించిన మాటల వరస అది. ప్రాణ సూచికలు నిలకడగా, సాధారణ పరిధిలో ఉన్నాయి. రోగి స్పృహలో ఉన్నాడు, ఇబ్బంది పడుతూ ఉండవచ్చు. లక్షణాలు ఆశాజనకంగా ఉన్నాయి. 'ఫెయిర్' అన్న ఒక్క మాటలో ఇదంతా ఇమిడి ఉంది. మా చెల్లెలు చదువుకున్నదే, దానికి ఆ మాట తెలియక కాదు. నిఘంటువుల్లో ఉండే 'మరీ మంచిదీ కాదు, మరీ చెడ్డదీ కాదు' అన్న అర్థాన్నే అది సరిగ్గా గుర్తు తెచ్చుకుంది. తెలియాల్సింది ఆ 'మోస్తరు' ఏ నిచ్చెన మీద ఎన్నో మెట్టు అన్నది. అంతటి భయంలో ఉన్న మనిషికి ఆ ఒక్క ముక్క నిఘంటువులో దొరికితే ఎంత మేలు! కోబిల్డ్ కూడా సగటు నాణ్యత అనే అర్థం ఇచ్చి ముందుకు వెళ్లిపోతుంది. మెట్ల లెక్క చెప్పదు.

మెట్లు మారితే అదే మాట ఎంత దూరం జారుతుందో పాత పుస్తకాల వ్యాపారంలో చూడొచ్చు. అక్కడి వరస ఇది: యాజ్ న్యూ, ఫైన్, వెరీ గుడ్, గుడ్, ఫెయిర్, పూర్. 'గుడ్' అన్నదే వాడి అరిగిన మామూలు పుస్తకానికి పేరు. 'ఫెయిర్' అంటే దానికన్నా కింద: చదవాల్సిన పేజీలన్నీ ఉంటాయి, కానీ అట్ట లోపలి తెల్ల కాగితాలో, పేరు మాత్రమే ఉండే మొదటి పేజీయో పోయి ఉండవచ్చు, బైండు వదులై ఉండవచ్చు. కోబిల్డ్ 1987 ముద్రణ పాత ప్రతి ఒకటి నేను 'ఫెయిర్' అని రాసి ఉండగానే కొన్నాను. చెప్పినట్టే వచ్చింది. అట్ట లోపలి కాగితం లేదు, వీపు భాగం వేలాడుతోంది, 'ఏ' నుంచి 'జెడ్' దాకా ఒక్క పేజీ తగ్గలేదు. అమ్మినాయన మాట నిలబెట్టుకున్నాడు. అర్థం తెలిసి కొన్నాను కాబట్టి నాకూ సంతోషమే.

ఆకాశం సంగతికి వస్తే మాట మళ్లీ పైకెక్కుతుంది. పాత భారమితుల ముఖం మీద తుఫాను, వాన, మార్పు, ఫెయిర్, వెరీ డ్రై అని వరసగా రాసి ఉండేవి. పాదరసం 29.5 అంగుళాల దగ్గర ఉంటే మార్పు, 30 దగ్గర ఫెయిర్. బ్రిటన్‌లో నావికుల కోసం చదివే వాతావరణ సూచనలో 'ఫెయిర్' అంటే వానా మంచూ పడటం లేదని. అమెరికా జాతీయ వాతావరణ సేవ ఆ మాటను ఎక్కువగా రాత్రి వేళకు వాడుతుంది: ఆకాశంలో ఎనిమిదింట మూడు వంతుల కన్నా తక్కువ దట్టమైన మబ్బు, వాన లేకపోవడం, చూపు మేరలోగాని వేడిలోగాని గాలిలోగాని అతి లేకపోవడం. అంటే ఆసుపత్రిలో రెండో మెట్టు, పుస్తకాల అంగడిలో అడుగు నుంచి రెండో మెట్టు, ఆకాశంలో మంచి మెట్టు. ఇలాంటి మాటలకు రెండు వరసల చిన్న పట్టిక ఎంట్రీ పక్కన వేస్తే ఈ నిఘంటువుకు తిరుగుండదు.

చట్టం భాషలోనూ 'ఫెయిర్' తన దారి తనదే. అద్దె ఒప్పందాల్లో 'ఫెయిర్ వేర్ అండ్ టేర్' వస్తే నేను 'మామూలు వాడకంలో సహజంగా కలిగే అరుగుదల' అని రాస్తాను. అమెరికా కాపీరైటు చట్టం 1976లో 107వ సెక్షన్‌గా చేర్చిన 'ఫెయిర్ యూజ్', అంటే ఇతరుల రచనను అనుమతి లేకుండానే కొంతవరకు వాడుకునే వెసులుబాటు, నాలుగు అంశాలను తూచి తేల్చాల్సిన విషయం. బ్రిటన్ చట్టంలో 1911 నుంచి ఉన్న 'ఫెయిర్ డీలింగ్' ఇంకా ఇరుకైనది. రెండింటినీ ఒకే తెలుగు మాటతో కట్టేస్తే అనువాదం చెడుతుంది. ఇంగ్లండ్ పరువునష్టం చట్టంలో, దావా పడ్డవాళ్లకు రక్షణగా ఉండిన 'ఫెయిర్ కామెంట్' మరీ తికమక పెట్టేది. ఆ వ్యాఖ్య నిష్పక్షపాతంగా ఉండాలని ఎవరైనా అనుకుంటారు. నిజానికి, చెప్పిన మనిషి దాన్ని మనస్ఫూర్తిగా నమ్మి చెప్పి ఉంటే, అది ఎంత ఏకపక్షమైనా ఆ రక్షణ దొరికేది. 2013 చట్టంతో దాన్ని తీసేసి 'ఆనెస్ట్ ఒపీనియన్' అని పెట్టారు, అదే సరైన పేరు. ఇవన్నీ సామాన్య నిఘంటువులో ఉండాలని నేను కోరను. న్యాయ నిఘంటువు పక్కన పెట్టుకోవాల్సిందే.

మిగతా పెద్ద నిఘంటువులతో పోలిక అడుగుతారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. విదేశీ విద్యార్థుల కోసమే రాసిన నిఘంటువుల్లో ఆక్స్‌ఫర్డ్‌ది పెద్ద వంశం. ఎ. ఎస్. హార్న్‌బీ బృందం కూర్చిన మొదటి రూపం 1942లో జపాన్‌లో అచ్చయింది. దాని 'ఫెయిర్' ఎంట్రీలో ఒక్కో అర్థం ముందు చిన్న శీర్షిక ఉంటుంది, జుట్టు, వాతావరణం అని. తొందరలో ఉన్నవాళ్లకు అది చాలా సుఖం. 1978లో వచ్చిన లాంగ్‌మన్ నిఘంటువు దాదాపు 2000 తేలిక మాటలతోనే వివరణలన్నీ రాయాలని నియమం పెట్టుకుంది, ఇంగ్లీషు కొత్తగా పట్టుబడుతున్నవాళ్లకు నేను అదే ఇస్తాను. కోబిల్డ్ వివరణ నిండు వాక్యం కాబట్టి పొడుగు. ఆతురతలో ఉంటే విసుగు పుట్టవచ్చు. కానీ రాసేటప్పుడు, ముఖ్యంగా అనువదించేటప్పుడు, నాకు కావాల్సింది మాటను వాడి చూపించడం. అందులో దీన్ని మించింది నా చేతికి రాలేదు.

ఫోన్‌లో ఉచితంగా దొరికే ఇంగ్లీషు-తెలుగు ఆప్ ఒకటి మా పిల్లలు వాడుతుంటే చూశాను. 'ఫెయిర్' కొడితే తెలుగు మాటలు గుంపుగా పడ్డాయి. ఏది ఏ నామవాచకానికో లేదు, ఒక్క ఉదాహరణ లేదు, సంత కూడా అందులోనే కలిసిపోయింది. అర్థం తెలియని విద్యార్థి ఆ గుంపులోంచి ఏది ఏరుకోవాలి? మొదటిదే ఏరుకుంటాడు. అలా ఏరుకున్న 'న్యాయమైన' అన్న మాటే 'ఫెయిర్ చాన్స్ ఆఫ్ రెయిన్' పక్కన చేరి 'న్యాయమైన వాన అవకాశం' అవుతుంది. వాన పడే అవకాశం బాగానే ఉందని చెప్పడానికి తెలుగులో ఏ కష్టమూ లేదు. పిల్లవాడికి ఆ దారి చూపించినవాళ్లు లేరు, అంతే.

కోబిల్డ్ కొనాలనుకునేవాళ్లకు చివరిగా రెండు సంగతులు. ఇందులో తెలుగు ఉండదు, ఇంగ్లీషుకు ఇంగ్లీషే. మామూలు ఇంగ్లీషు పేరా ఒకటి సొంతంగా చదివి అర్థం చేసుకోగలిగినప్పుడే ఇది పనికొస్తుంది. ఇక ముద్రణ విషయం. కొత్త కొత్త మాటలు కావాలంటే కొత్తదే కొనండి. 'ఫెయిర్' లాంటి పాత విశేషణాల కోసమైతే పాత ముద్రణకూ వంక పెట్టలేం. 1987 ప్రతిలో పేజీ పక్కన సన్నని నిలువు వరస ఒకటి ఉంది. వ్యాకరణ గుర్తులు, సమానార్థకాలు, వ్యతిరేకాలు అందులోకి చేర్చి, వివరణను శుభ్రంగా వదిలేశారు. కళ్లకు హాయిగా ఉంటుంది, వెతికింది చప్పున దొరుకుతుంది. పాత ప్రతి దొరికితే వదలకండి. అమ్మేవాళ్లు 'ఫెయిర్' అని రాస్తే మాత్రం ఏ పేజీలు లేవో ముందే అడిగి కొనండి.